బొమ్మ ఆడుతుందా? 4 నుంచి 8 తరగతుల పిల్లలతో నీడబొమ్మల ప్రాజెక్టు: ఒక కేస్ స్టడీ

నాలుగో తరగతి పిల్లలకు తెల్ల కాగితం ఇస్తే గంట కొట్టేదాకా తల ఎత్తరు. అదే కాగితం ఆరో తరగతికి ఇస్తే సగం మంది పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తూ కూర్చుంటారు. "నాకు బొమ్మలు రావు సార్" అనే మాట నాకు ఎక్కువగా వినపడేది ఆరు, ఏడు తరగతుల్లోనే. రెండేళ్ల కిందట ఏనుగుకు ఊదా రంగు పూసి మురిసిపోయిన పిల్లే, ఇప్పుడు మనిషి చెయ్యి సరిగ్గా రావట్లేదని కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దుతుంది.

ఇది మా బడి ఒక్కదాని సంగతి కాదు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలు తాము వేసిన బొమ్మను నిజం వస్తువుతో పోల్చుకోవడం మొదలుపెడతారని విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్య నిపుణుడు 1940ల్లోనే రాశాడు. కన్ను ముందుకు పోతుంది, చెయ్యి వెనకబడుతుంది. ఆ తేడా చూసుకుని చాలామంది పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. ఇలాంటప్పుడు డ్రాయింగ్ మాస్టర్లం మామూలుగా చేసే పని గళ్లు గీయించి, బొమ్మను చూసి దించమనడం. దాంతో కొంతమందికి చెయ్యి తిరుగుతుంది, కాదనను. కానీ అక్కడ కొలత మాత్రం మారదు: అచ్చం అలాగే ఉందా, లేదా? ఈ కొలత దగ్గర భయపడిన పిల్లలకు మళ్లీ అదే కొలతబద్ద చూపిస్తే ఏం లాభం?

అందుకే కొలతనే మార్చి చూద్దామనుకున్నాను. బొమ్మ బాగుందా అని కాకుండా బొమ్మ ఆడుతుందా అని అడిగే పని ఒకటి కావాలి. మేముండేది అనంతపురం వైపు కాబట్టి ఎంతో దూరం వెతకాల్సిన పని పడలేదు, తోలుబొమ్మలాట పక్కనే ఉంది.

మా బడి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకే ప్రహరీ లోపల ప్రాథమిక పాఠశాల, హైస్కూలు ఉన్నాయి. ప్రాజెక్టులోకి 4, 5 తరగతులు అటు నుంచి, 6, 7, 8 తరగతులు ఇటు నుంచి తీసుకున్నాం. వారానికి రెండు పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడితే అవి లెక్కల మాస్టారి ఖాతాలోకి పోతాయి. కళలు పదో తరగతి దాకా తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం వేసిన నిపుణుల బృందమే చెప్పింది. ఆ మాట మా టైమ్‌టేబుల్ దాకా రాలేదు. కాబట్టి దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి సంక్రాంతి లోపు ప్రదర్శన పెట్టాలన్నది లెక్క. డబ్బు ఉండదు, బడిలో పారేసే సామాన్లతోనే సర్దుకోవాలి. పిల్లలు ఎవరూ బ్లేడు పట్టకూడదు. ఈ మూడూ ముందే తేల్చుకున్నవి.

తోలుబొమ్మల దగ్గర ఏం నేర్చుకున్నాం

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. ఆటలు తగ్గాక ఇప్పుడు అక్కడ లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు ఎక్కువగా చేస్తున్నారు. బొమ్మలు చేసే పెద్దాయన ఒకరిని బడికి పిలిపించాం. తోలు చుట్ట విప్పగానే నాలుగో తరగతి పిల్లలు రెండడుగులు వెనక్కి వేశారు. హనుమంతుడి బొమ్మ వాళ్లకంటే పొడుగుంది.

ఆయన చెప్పినవాటిలో మా ప్రాజెక్టుకు పనికొచ్చినవి కొన్నే. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగించి ఎండబెడితే వెలుగు దూరేంత పలచగా అవుతుంది. రంగు రెండు వైపులా వేస్తారు. అందువల్లే తెలుగు తోలుబొమ్మల నీడ రంగుల్లో పడుతుంది. ఒడిశా వాళ్ల నీడబొమ్మలాట రావణఛాయలో బొమ్మలకు కీళ్లుండవు, నీడ నల్లగానే పడుతుంది. మన బొమ్మలకు భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు అన్నీ విడివిడి ముక్కలు, దారంతో కలిపినవి. పాతకాలంలో వెనక ఆముదం దీపాలు పెట్టేవారు, ఇప్పుడు కరెంటు బల్బులు.

అన్నిటికంటే పిల్లలను పట్టేసింది బెజ్జాలు. పెద్దాయన చెక్కదిమ్మ మీద తోలుముక్క పెట్టి, చిన్న ఉలితో టక్ టక్ మని కొడుతూ వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. మాట్లాడుతూనే ఉన్నాడు, చూపు మాత్రం ఉలి మీదే. అయిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "తాతా, నగ పెన్నుతో గీస్తే సరిపోతుంది గదా, ఇంత కష్టం యాల?" ఆయన నవ్వి, పక్కనున్న చార్టు మీద పెన్నుతో ఒక హారం గీసి, దాని పక్కనే ఉలితో ఇంకో హారం కొట్టి, కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. గీసినది నల్లగా ఉంది. కొట్టినది మెరిసింది. "గీత చీకటి నాయనా, బెజ్జం వెలుతురు. నగ మెరవాల్నా, వద్దా?" అన్నాడు. నేను పది క్లాసులు తీసుకున్నా ఈ సంగతి ఇంత బాగా చెప్పలేను.

ఇంకో మాట. తోలుబొమ్మలాట అనగానే మన సంస్కృతి, మన వారసత్వం అని ఉపన్యాసం మొదలుపెట్టడం మాస్టర్లకు అలవాటు. ఈ బొమ్మలాడించే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, ఆట తెలుగులో ఆడతారు. పెద్దాయన ఫోన్‌లో ఇంటివాళ్లతో మరాఠీలో మాట్లాడుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నా ఉపన్యాసం అవసరం పడలేదు.

కాగితం, నూనె

తోలు మాకు కుదరదు. ఖర్చు ఒక కారణం, వాసన ఇంకో కారణం, కొన్ని ఇళ్లలో ఒప్పుకోరన్నది మూడో కారణం. నూనె పట్టిన కాగితం వెలుగును దూరనిస్తుందని పకోడీల పొట్లం చూసిన ప్రతివాడికీ తెలుసు. కానీ ఏ కాగితం? దీన్ని పిల్లలకే వదిలేశాను. పాత క్యాలెండర్, పెళ్లికార్డు, చార్టు, డ్రాయింగ్ షీటు, నోటుబుక్కు అట్ట, ఖాకీ రంగు ప్యాకింగ్ కాగితం, అన్నిటి నుంచీ అరచేతి ముక్కలు కత్తిరించి, నూనె రాసి, ఆరాక కిటికీ అద్దానికి ఆనించి చూశారు.

క్యాలెండర్ కాగితం మీద నూనె పైపైనే నిలబడింది, నున్నటి పూత వల్ల లోపలికి ఇంకలేదు. చార్టులోంచి వెలుగు బాగానే వచ్చింది కానీ నూనె పట్టాక మెత్తబడి, పుల్ల కట్టి నిలబెడితే తల వాల్చేసింది. ప్యాకింగ్ కాగితంలో రంగులు మసకబారాయి. కాస్త మందమున్న డ్రాయింగ్ షీటు గెలిచింది. పెళ్లికార్డులు నల్లనీడ కావాల్సిన చోటికి పనికొచ్చాయి: బండరాయి, బోరు పంపు, చెట్టు మొదలు.

నూనె విషయంలో అనుకోని చిక్కు వచ్చిపడింది. మొదట అందరూ కొబ్బరినూనె తెచ్చారు, ప్రతి ఇంట్లో ఉండేది అదే కదా. నవంబరులో పని బాగానే సాగింది. డిసెంబరులో ఒక పొద్దున చూస్తే బొమ్మల మీద తెల్లటి మచ్చలు. కొబ్బరినూనె 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకుంటుంది. మా వైపు చలికాలం పొద్దున పూట అంతకంటే బాగా చల్లగా ఉంటుంది. ఎండలో పెడితే మచ్చలు కరిగాయి, మర్నాటికి మళ్లీ హాజరు. అప్పుడు శనక్కాయల నూనెకు మారాం. అది పేరుకోదు, మా జిల్లాలో కొదవ అంతకన్నా లేదు. ఒక్కో బొమ్మకు ఒక చెంచా చాలు. పాతగుడ్డ ఉండతో రెండు వైపులా రాసి, మిగిలింది పేపరుతో ఒత్తి తుడిచి, పాత పేపర్ల మధ్య పెట్టి పైన పుస్తకాల బరువు పెట్టాలి. పెయింటు షాపుల్లో దొరికే అవిసె నూనె వాడితే జిడ్డు లేకుండా ఆరుతుంది, కాగితం గట్టిపడుతుంది కూడా. కానీ ఆ నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పిల్లలున్న చోట నాకు ఆ టెన్షన్ వద్దనిపించింది.

రంగు ముందు, నూనె తర్వాత. ఈ వరస తప్పితే నూనె మీద నీటి రంగు నిలవదు. పోస్టర్ కలర్లు ఎంత అందంగా వేసినా తెర మీద నల్లమచ్చే, వెలుగు వాటిలోంచి దూరదు. స్కెచ్ పెన్నులు, నీళ్లలో కలిపిన సిరా, పలచటి వాటర్ కలర్లు బాగా పనిచేశాయి. నాలుగో తరగతి వాళ్లు పసుపు నీళ్లు వాడారు, అందులో సున్నం కలిపి ఎరుపు చేసుకున్నారు. తెర వెనక నుంచి ఆ పసుపు చూడాలి, స్కెచ్ పెన్నుకు ఆ వెచ్చదనం రాదు. ఎండ తగిలితే వెలిసిపోతుంది, అదొక్కటే లోపం.

ముక్కు కనపడాలి

చిన్న పిల్లలు మనిషిని ఎప్పుడూ ఎదురుగానే వేస్తారు. గుండ్రటి ముఖం, రెండు కళ్లు, నవ్వు. తెర మీద అది ఒక గుండు. ఎవరు రాజు, ఎవరు అవ్వ అన్నది తెలియదు. తోలుబొమ్మల ముఖాలు చాలావరకు పక్కవాటుగా ఉండేది ఇందుకేనని వాళ్లకు చెప్పి ఉండొచ్చు. చెప్పే బదులు ఒక ఆట పెట్టాను. గోడకు పాత న్యూస్‌పేపరు అంటించి, ఒకరిని పక్కకు తిరిగి కూర్చోబెట్టి, మొబైల్ టార్చి వేసి, ముఖం నీడ అంచు వెంబడి ఇంకొకరు గీయాలి. ఇందులో బొమ్మ రావడం, రాకపోవడం అన్న ప్రశ్నే లేదు. గీసిన కాగితాలు వరసగా తగిలించి, ఎవరు ఎవరో కనిపెట్టమన్నాం. ముందు ముక్కులు చూశారు, తర్వాత గడ్డాలు, ఆ తర్వాత జడలు. పెదవుల దగ్గర గీత లోపలికి పోయి బయటికి వస్తుందని, నుదురు నిటారుగా ఉండదని గమనించింది అప్పుడే. ఏడో తరగతి పిల్లలు కూడా ఈ ఆట మళ్లీ పెట్టమని గోల చేశారు.

దీని తర్వాత 4, 5 తరగతుల వాళ్లు జానెడు పొడుగు బొమ్మలు వేసుకున్నారు. వాళ్లకు ఒకే కీలు: భుజం. 6, 7 తరగతులకు భుజం, మోచెయ్యి. ఎనిమిదో తరగతి వాళ్లకు నడుము, మోకాళ్లు కూడా. వయసును బట్టి పని పెంచడానికి నాకు కనపడిన తేలికైన పద్ధతి ఇదే. అందరూ చేసేది ఒకే పని, పెరిగేది కీళ్ల లెక్క మాత్రమే. చిన్నవాళ్లకు చిన్నచూపు లేదు, పెద్దవాళ్లకు ఇది పిల్లలాట అన్న సిగ్గూ లేదు.

ముడి దగ్గర తేలిన సంగతి

బొమ్మలు రావని తేల్చుకుని కూర్చున్న ఆరో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. డ్రాయింగ్ పీరియడ్లో కిటికీ పక్కన కూర్చుని కాగితం విమానాలు మడిచేవాడు. కీళ్లు కట్టే రోజున వాడికి పని దొరికింది.

కీలు కట్టడం చూడ్డానికి తేలిక. రెండు ముక్కల చివర్లు రూపాయి బిళ్లంత గుండ్రంగా ఉంచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో బెజ్జం చేసి, లావు దారం దూర్చి రెండు వైపులా ముడి వేయాలి. పట్నంలో దొరికే ఇత్తడి కాగితపు పిన్నులు మా ఊరి స్టేషనరీ షాపులో ఉండవు, వాటి అవసరం కూడా లేదు. చిక్కంతా ముడి ఎంత బిగించాలన్నదే. గట్టిగా బిగిస్తే చెయ్యి కదలదు. వదులుగా వేస్తే చెయ్యి వేలాడుతుంది, పుల్లతో పైకి ఎత్తినా పక్కకు తిరిగిపోతుంది. "చెయ్యి ఆడల్యా సార్" అని క్లాసంతా ఒకటే రొద. వీడు మాత్రం ఏమీ అనకుండా తన బొమ్మ చెయ్యి విప్పడం, కట్టడం మొదలుపెట్టాడు. బెజ్జం పెద్దది చేశాడు, చెయ్యి జారిపోయింది. దారం మార్చాడు. కొంతసేపటికి అగ్గిపుల్ల ఒకటి కాగితానికీ ముడికీ మధ్య పెట్టి బిగించి, తర్వాత పుల్ల లాగేశాడు. పుల్ల మందమంత జాగా మిగిలింది. చెయ్యి ఎత్తితే లేచింది, వదిలితే దిగింది, పక్కకు తిరగలేదు.

అప్పటి నుంచి ముడి పని అంటే వాడి దగ్గరికే. ఎనిమిదో తరగతి వాళ్లు కూడా వచ్చి "ఒరే, ఇది కట్టిపెట్టురా" అని అడుక్కున్నారు. నాకు ఆసక్తిగా తోచింది దీని తర్వాత జరిగినది. తన బొమ్మ చెయ్యి పైకి ఎత్తినప్పుడు చంకలోంచి వెలుగు సందు కనపడుతోందని వాడే పట్టుకున్నాడు. భుజం ముక్క ఇంకా వెడల్పుగా ఉండాలి. అంటే మళ్లీ గీయాలి. గీశాడు. ఈసారి మోచెయ్యి నుంచి మణికట్టు దాకా సన్నబడేలా గీశాడు, ఎందుకంటే లావుగా ఉంటే బరువుకు కిందికి లాగేస్తుంది. ఎవరూ "చెయ్యి ఇలా ఉంటుంది" అని చెప్పలేదు. తన చెయ్యి మడిచి, చాచి చూసుకుంటూ గీశాడు. పోలిక కోసం గీయమంటే గీయని వాడు, పనికోసం అయితే గీశాడు. నేను ఈ ప్రాజెక్టు పెట్టింది దీని కోసమే.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది రాయకపోతే ఈ నివేదిక సగమే. ఏడో తరగతిలో చక్కగా బొమ్మలు వేసే అమ్మాయి ఉంది. మండల స్థాయి పోటీల్లో బహుమతి తెచ్చుకున్న పిల్ల. పెన్సిల్ షేడింగుతో సీతమ్మ ముఖం వేసింది, బల్ల మీద చూస్తే కళ్లు తిప్పుకోలేం. తెర మీద పెట్టగానే షేడింగంతా పోయి, మురికి పట్టినట్టు కనపడింది. పక్కనే ఒక మామూలు బొమ్మ, అడ్డదిడ్డంగా కత్తిరించినది, ముక్కు కొనదేలి, చెవి కమ్మకు మూడే బెజ్జాలు, ధగధగా వెలుగుతోంది. ఆ అమ్మాయి ముఖం చూస్తే నాకే బాధేసింది. కొలత మారిస్తే కింద ఉన్నవాళ్లు పైకి రావడమే కాదు, పైన ఉన్నవాళ్లు కింద పడతారు. దాన్ని కూడా మాస్టారే చూసుకోవాలి. ఓదార్చి లాభం లేదనిపించి, షేడింగు చెయ్యి, కానీ పెన్సిల్ లేకుండా, అన్నాను. రెండు పీరియడ్లు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత గుండుసూదితో చెంప మీద బెజ్జాలు వేసుకుంటూ వచ్చింది, నుదుటి దగ్గర ఒత్తుగా, దవడ వైపు పోనుపోను పలచగా. తెర మీద ఆ ముఖానికి గుండ్రదనం వచ్చింది. అసలు తోలుబొమ్మల్లో కూడా ఇలా చెంపకు నీడ తేవడం నేను చూడలేదు.

బెజ్జాల సంగతి వచ్చింది కాబట్టి జాగ్రత్తలు కూడా. నాలుగు, అయిదు తరగతులకు గుండ్రటి తల ఉన్న పిన్నులు మాత్రమే ఇచ్చాం. కింద ఆనించడానికి పాత హవాయి చెప్పు కంటే మంచిది ఏదీ లేదు. పిన్ను దిగుతుంది, జారదు, బల్ల పాడవదు. పెద్దవాళ్లకు మేకు, చిన్న సుత్తి, కింద చెక్కముక్క. మోకాలి మీద పెట్టుకుని పొడవకూడదన్నది ఒకటే కట్టడి. కత్తెరతో కాని కత్తిరింపులు, అంటే లోపలి ఖాళీలు, నేనే చేసిపెట్టాను.

తెర, దీపం, ఫ్లెక్సీలు

పగటిపూట బడిలో చీకటి ఎక్కడి నుంచి తేవాలి? పండగలకు, పుట్టినరోజులకు కట్టిన పాత ఫ్లెక్సీలు ఊరినిండా ఉన్నాయి. వాటిని తిరగేసి కిటికీలకు కట్టాం. నాయకులందరూ గోడ వైపు తిరిగి మాకు చీకటి ఇచ్చారు. తెరకు తెల్లపంచె, రెండు వైపులా చీర అంచులాగా రంగు గుడ్డ. పంచె ముడతలు లేకుండా బిగించాలి, లేకపోతే ముక్కు వంకర పోతుంది.

దీపం విషయంలో ఆరో తరగతి సైన్స్‌లోని నీడల పాఠం ప్రాణం పోసుకుంది. తెల్లటి బుడగ ఉన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే, బొమ్మ తెరకు జానెడు దూరం జరిగినా అంచు మసకబారింది. మొబైల్ టార్చి పెడితే దూరంగా ఉన్నా అంచు పదునుగా ఉంది. వెలుగు వచ్చే చోటు ఎంత చిన్నదైతే నీడ అంత తేట. బొమ్మను దీపం దగ్గరికి జరిపితే నీడ పెరుగుతుంది. ఇది తెలిసిన మరుక్షణం ఎనిమిదో తరగతి వాళ్లు హనుమంతుడిని పెంచడం, తగ్గించడం మొదలుపెట్టి మిగతా పాఠమంతా మరిచిపోయారు. సైన్స్ మేడం వచ్చి చూసి, తన పీరియడ్ కూడా ఇచ్చేశారు. మా బడి చరిత్రలో డ్రాయింగుకు పీరియడ్ ఎదురు రావడం ఇదే మొదలేమో!

పాత ఫిలమెంట్ బల్బులు వద్దేవద్దు. వేడికి, పక్కనే నూనె కాగితానికి పొసగదు. దీపాన్ని ఆడించేవాళ్ల తలకంటే ఎత్తులో, కొంచెం కిందికి వంచి పెడితే వాళ్ల నీడ తెర మీద పడదు.

బొమ్మ వెన్నుకు వెదురు బద్ద, ఆడే చేతికి ఇంకోటి. కొబ్బరి ఈనెలు చిన్న బొమ్మలకు సరిపోయాయి, పెద్దవాటికి వంగిపోయాయి.

కథలు

కథ ఎంచుకోవడం ఒక్కో గుంపుకు వదిలేశాను. ఎనిమిదో తరగతి వాళ్లు అశోకవనం పట్టుకున్నారు, పెద్దాయన తెచ్చిన హనుమంతుడి బొమ్మ ప్రభావం. ఆరో తరగతి వాళ్లు జింకల కథ రాశారు. మా వైపు శనక్కాయ చేలల్లో జింకల మందలు పడతాయి. కాగితాన్ని మడతలు వేసి ఒకేసారి కత్తిరించిన మంద తెర దాటుతుంటే, కావలి కాసే తాత డబ్బా కొడతాడు. ఆ తాతకు ఉన్నది ఒక్క కీలే, డబ్బా కొట్టే చెయ్యి. అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు. ఏడో తరగతి వాళ్లు తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలైన కేతిగాడిని, బంగారక్కను తెచ్చి నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబెట్టారు. అసలు ఆటలో కేతిగాడి హాస్యం పిల్లల ముందు చెప్పలేనంత ముదురుగా ఉంటుంది. వీళ్లు రాసుకున్నది వేరే మాటలే అయినా పోట్లాటలో పదును తగ్గలేదు. బంగారక్క గొంతు ఒక అబ్బాయి అందుకున్నాడు. వాళ్ల అవ్వ తిట్లు యథాతథంగా దింపాడని తర్వాత తెలిసింది.

మాటలను ముందే రాసి బట్టీ పట్టించిన గుంపు కంటే, కథ మలుపులు మాత్రమే కాగితం మీద రాసుకుని మాటలు అప్పటికప్పుడు అల్లుకున్న గుంపు బాగా ఆడింది. బట్టీ పట్టిన పిల్లల చూపంతా కాగితం మీదే ఉండి, చేతిలో బొమ్మ నిద్రపోయింది. చప్పుడు కోసం కాళ్ల కింద రెండు చెక్క పలకలు వేశాం, పాత ఆటగాళ్లు చేసినట్టే. యుద్ధం, పరుగు, తలుపు తట్టడం అన్నీ ఆ పలకల మీదే.

ప్రదర్శనకు తల్లిదండ్రులను సాయంత్రం పిలిచాం. ఏం జరిగిందో విడిగా రాయాల్సినంత లేదు. అందరి ప్రదర్శనల్లాగే ఆలస్యంగా మొదలైంది, ఒకసారి కరెంటు పోయింది. టార్చి ఛార్జింగు మీద నడుస్తుంది కాబట్టి ఆట ఆగలేదు.

మార్కులు ఎలా వేశాం

బొమ్మలకు నేను మార్కులు వేయలేదు. తెర ముందు కూర్చున్న తరగతి మూడు ప్రశ్నలు అడిగింది. చివరి వరస నుంచి చూస్తే ఎవరో తెలిసిందా? చెయ్యి చెప్పిన మాట విన్నదా? ఆట అయ్యేదాకా ఊడకుండా నిలిచిందా? ఏ ప్రశ్నకు కాదని వచ్చినా దిద్దుకుని మళ్లీ తేవచ్చు. చాలామంది తెచ్చారు. మామూలు డ్రాయింగులో "ఇది సరిదిద్దు" అంటే ముఖం చిన్నబుచ్చుకునే పిల్లలు, ఇక్కడ నేను అనకముందే విప్పి కట్టుకున్నారు. తప్పు ఎక్కడుందో తెర చూపిస్తోంది, మాస్టారు చూపించడం లేదు. ఆ తేడా పిల్లలకు చాలా పెద్దది.

తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు, దీనివల్ల డ్రాయింగు పరీక్షలకు ఏం ఉపయోగం అని అడిగారు. నిజానికి నేరుగా ఉపయోగం లేదు. ప్రాజెక్టు అయ్యాక మళ్లీ తెల్ల కాగితం ఇచ్చి, ఇష్టం వచ్చిన బొమ్మ వేయమన్నాను. ఆరో తరగతిలో మునుపటి కంటే ఎక్కువ మంది వెంటనే మొదలుపెట్టారు. కొందరు మాత్రం పాత పద్ధతిలోనే పక్క కాగితంలోకి చూశారు. ముడుల పిల్లవాడు ఒక మోటార్‌సైకిల్ వేశాడు, పక్కవాటుగా, చక్రం విడిగా కత్తిరించి దారంతో కట్టి. కాగితం మీద బొమ్మ తిరగాల్సిన పని లేదురా అంటే, "తిరగకపోతే అదేం బండి సార్" అన్నాడు. కాబట్టి భయం పోయిందని అనలేను. గీయడానికి ఒక కారణం దొరికిందని మాత్రం అంటాను.

ఈసారి మార్చబోయేవి ఉన్నాయి. 4, 5 తరగతులకు మనుషుల బదులు జంతువులు ఇస్తాను. తోక ఒక్కటి ఆడినా వాళ్లకు చాలు, పక్కవాటు ముఖం కూడా జంతువులో తేలికగా వస్తుంది. ఎనిమిదో తరగతికి మోకాళ్లు తీసేస్తాను. తెర వెనక ఆ కాళ్లను పట్టించుకునే తీరిక ఎవరికీ దొరకలేదు, ఊరికే చిక్కుపడ్డాయి.

బొమ్మలు దాచడం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. శనక్కాయల నూనె పట్టించిన కాగితం ఎలుకలకు విందు. బీరువాలో పెట్టిన వాటిలో రావణుడి తలలు నాలుగు పోయాయి. ఇప్పుడు మిగిలిన బొమ్మలన్నీ స్టాఫ్‌రూమ్ దూలానికి కట్టిన తీగకు బట్టల క్లిప్పులతో వేలాడుతున్నాయి, ఒక్కో బొమ్మకు మధ్య పేపరు పెట్టి. నాలుగైదు నెలలకు నూనె ముక్క వాసన వస్తుంది. అప్పుడు కాగితం పారేసి కీళ్ల దారాలు, వెదురు బద్దలు మాత్రం దాచుకోవాలి, అవి వచ్చే ఏడాది కూడా పనికొస్తాయి.